వాల్వుల ముందు ట్రాన్సిస్టర్ డ్రైవర్: పీకేసిన కాయిల్ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

ప్రశ్న: నమస్కారం సార్. రెండు 6146బీ వాల్వులతో (వాక్యూమ్ ట్యూబులతో) నేను కట్టుకున్న హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) హామ్ రేడియో యాంప్లిఫయర్ చాలాకాలం బాగా పనిచేసింది. ప్లేట్‌కు 750 వోల్టులు, గ్రిడ్ (వాల్వు ఇన్‌పుట్ కొస) బయాస్, అంటే దానికిచ్చే నిలకడ వోల్టేజ్, మైనస్ 50 వోల్టులు, అవుట్‌పుట్ 100 వాట్ల దాకా వచ్చేది. ముందున్న 12బీవై7ఏ డ్రైవర్ వాల్వు నీరసించింది. బ్యాండ్ మార్చినప్పుడల్లా డ్రైవ్ నాబ్ తిప్పుకోవడం కూడా విసుగ్గా ఉంది. అందుకని ఆ వాల్వు, దాని కాయిళ్లు, బ్యాండ్ స్విచ్ అన్నీ పీకేశాను. నా 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ (చివర రెండు ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు, పుష్-పుల్, బ్రాడ్‌బ్యాండ్) అవుట్‌పుట్‌ను రెండు రంధ్రాల ఫెర్రైట్ కోర్ మీద 3 చుట్లు, 9 చుట్లు వేసిన ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నేరుగా గ్రిడ్లకు ఇచ్చాను. క్లాస్ ఏబీ1లో గ్రిడ్ కరెంటు తీసుకోదు కదా అని లోడ్ రెసిస్టర్ పెట్టలేదు. 7 మెగాహెర్ట్జ్ మీద అవుట్‌పుట్ బ్రహ్మాండం, కానీ గ్రిడ్ మీటర్ ముల్లు ఎగిరి పడుతోంది. 28 మీద పావు వంతు కూడా రాదు. 21 మీద కీ వదిలేశాక కూడా ప్లేట్ కరెంటు 150 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగిపోతోంది. నిన్న ఒక ఐఆర్ఎఫ్510 కాలిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ నిష్పత్తి (చుట్ల నిష్పత్తికి వర్గం, ఇప్పుడు 1:9) 1:16 చేయాలా? లేక ఇంకా పెద్ద డ్రైవర్ కట్టాలా? ఇదంతా వదిలేసి గ్రౌండెడ్ గ్రిడ్‌కు (గ్రిడ్‌ను నేలకు కలిపి క్యాథోడ్‌కు సిగ్నల్ ఇచ్చే పద్ధతికి) మారిపోనా?

జవాబు: మూడూ వద్దు. ముందు 21 మీద జరుగుతున్నది ఆపండి. కీ వదిలాక కూడా ప్లేట్ కరెంటు దిగలేదంటే వాల్వులు డ్రైవ్‌తో పని లేకుండా వాటంతట అవే డోలనం చేస్తున్నాయి. అది ఆగేదాకా ఆ బ్యాండ్ మీద హైవోల్టేజ్ వేయకండి, యాంటెన్నాకు అసలే కలపకండి.

మీ ఉత్తరంలో నాలుగు జబ్బులు ఉన్నాయి, వేర్లు మాత్రం ఒకే చోట ఉన్నాయి. మీరు కాయిల్‌ను పీకేశారు. అది కేవలం ట్యూనింగ్ కోసమే ఉందనుకున్నారు. నిజానికి అది ఒక్కతే నాలుగు పనులు చేసేది. వాల్వుల గ్రిడ్ కెపాసిటెన్స్‌ను తనతో రెజొనెన్స్‌లో కలిపేసుకుని మాయం చేసేది. ముందున్న దశకు నికరమైన లోడు చూపించేది. హార్మోనిక్స్‌ను చాలావరకు అడ్డుకునేది. న్యూట్రలైజేషన్‌కు (ప్లేట్ నుంచి గ్రిడ్‌కు వెనక్కి వచ్చే సిగ్నల్‌ను కొట్టేయడానికి) కావాల్సిన ఎదురు ఫేజ్ కూడా దాని అడుగు కొసే ఇచ్చేది. దాని స్థానంలో మీరు పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ పెంచడం అనే ఒక్క పనే చేస్తుంది. మిగతావి ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

లెక్క చూద్దాం. ఏబీ1లో గ్రిడ్ కరెంటు తీసుకోదన్న మీ మాట నిజమే. బయాస్ మైనస్ 50 అయితే ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) పీక్ కూడా దాదాపు 50 వోల్టులు చాలు, అంతకు మించితే గ్రిడ్ పాజిటివ్ వైపు దాటి కరెంటు మొదలవుతుంది. 5 వాట్లు 50 ఓమ్ల మీద ఉంటే పీక్ వోల్టేజ్ 22 చిల్లర. మీ 3:9 చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మూడింతలు చేస్తే 67. అదీ అటువైపు 450 ఓమ్ల లోడు ఉన్నప్పటి మాట. మీరు లోడే పెట్టలేదు. లోడు లేని చోట వోల్టేజ్ రెట్టింపు దాకా లేవగలదు. 7 మీద మీ గ్రిడ్ మీటర్ ఎగిరి పడటానికి కారణం అదే. అవుట్‌పుట్ బ్రహ్మాండంగా ఉందన్నారు గానీ, అది బ్రహ్మాండం కాదు, ఓవర్‌డ్రైవ్. పక్క ఫ్రీక్వెన్సీల్లో ఉన్నవాళ్లు ఈపాటికి మిమ్మల్ని తిట్టుకుంటూ ఉంటారు.

ఇక 28. ఒక్కో 6146బీ గ్రిడ్ దగ్గర దాదాపు 13 పికోఫారడ్లు, రెండింటికి 26. సాకెట్, వైరింగ్ కలిపితే 40 అనుకుందాం. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర 40 పికోఫారడ్ల రియాక్టెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 1,100 ఓమ్ల పైనే, అంటే ఉందో లేదో తెలియదు. అదే 28 దగ్గరికి వచ్చేసరికి 142 ఓమ్లు. 450 ఓమ్ల లోడు పక్కన 142 ఓమ్ల కెపాసిటర్ వేలాడితే ఎస్‌డబ్ల్యూఆర్ (లోడు ఎంత పొసగలేదో చెప్పే కొలత, 1 అయితే పక్కా) 12 దాకా పోతుంది. అంత రియాక్టివ్ లోడు మీద పవర్ బయటికి పోదు, చాలావరకు ట్రాన్సిస్టర్‌లోనే వేడిగా మిగిలిపోతుంది. మీ ఐఆర్ఎఫ్510 అలాగే పోయి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి పెంచితే వోల్టులు పెరుగుతాయి కదా అని మీరు అడగబోతారు. డ్రైవర్‌ను పక్కా 50 ఓమ్ల సోర్స్ అనుకుని 28 దగ్గర గ్రిడ్ మీద పీక్ ఎంత మిగులుతుందో లెక్కేశాను. 1:4 ట్రాన్స్‌ఫార్మర్, 200 ఓమ్ల లోడుతో అది 36 చిల్లర. 1:9 ట్రాన్స్‌ఫార్మర్, 450 ఓమ్ల లోడుతో కూడా 36. మీరు పెంచినదంతా కెపాసిటెన్స్ మింగేసింది. 9 చుట్ల సెకండరీకి లీకేజ్ ఇండక్టెన్స్ (రెండు వైండింగుల మధ్య పూర్తిగా కలవని భాగం) కూడా ఎక్కువ కాబట్టి అసలు బల్ల మీద అంత కూడా రాదు. 1:16 కడితే ఇంకా దిగజారుతుంది.

కాబట్టి నా సలహా: 1:4కు దిగండి, గ్రిడ్ దగ్గర 200 ఓమ్ల రెసిస్టర్ పెట్టండి, ఆ 40 పికోఫారడ్లతో పోట్లాడకుండా వాటిని ఒక చిన్న ఫిల్టర్‌లో భాగం చేసేయండి.

మూడో మాటే ఇక్కడ అసలైనది. 200 ఓమ్ల రెసిస్టర్, 40 పికోఫారడ్ల గ్రిడ్ కెపాసిటెన్స్ పక్కపక్కన మాత్రమే ఉంటే ఎస్‌డబ్ల్యూఆర్ 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర 1.2, 14 దగ్గర 2, 28 దగ్గర 3.7. పై బ్యాండ్లలో ఇది ఐఆర్ఎఫ్510లకు బాగుండదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌కూ గ్రిడ్‌కూ మధ్య సిరీస్‌లో 1.07 మైక్రోహెన్రీల కాయిల్ ఒకటి వేసి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు కొస నుంచి ఛాసిస్‌కు మరో 40 పికోఫారడ్లు పెట్టండి. అటు 40, ఇటు గ్రిడ్‌దే అయిన 40, మధ్యలో కాయిల్. అది π అక్షరం ఆకారపు లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపే) ఫిల్టర్ అయింది. 28 దగ్గర డ్రైవర్‌కు కెపాసిటెన్స్ పూర్తిగా మాయమై శుద్ధంగా 200 ఓమ్లు కనిపిస్తాయి. కింది బ్యాండ్లలో 3.5 దగ్గర 1.3 లోపు, 7 దగ్గర 1.5, 14 దగ్గర 2, 21 దగ్గర 1.8 వస్తుంది. మధ్యలో కాస్త మూపు లేస్తుంది గానీ ఎక్కడా 2 దాటదు. ఏ నాబూ తిప్పక్కర్లేదు. మీరు కోరుకున్నది అదే కదా.

ఆ కాయిల్ పెద్ద విషయం కాదు. పసుపు రంగు టీ50-6 కోర్ మీద 16 చుట్లు వేస్తే 1 మైక్రోహెన్రీ కాస్త పైన వస్తుంది. చుట్లను కోర్ మీద దగ్గరకు నెడితే కొంచెం పెరుగుతుంది, దూరంగా జరిపితే తగ్గుతుంది. ఆ జరపడంతోనే ట్యూన్ చేయాలి. 40 పికోఫారడ్ల కెపాసిటర్ స్థానంలో మొదట ట్రిమ్మర్ పెట్టుకోండి. ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంతంగా ఉన్న కెపాసిటెన్స్ కూడా అందులోకే వస్తుంది. మీ వైరింగ్ ఎంత పొడుగో నాకు తెలియదు, నా 40 మీకు 35 కావచ్చు, 48 కావచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు 43 మెటీరియల్‌తో చేసిన రెండు రంధ్రాల కోర్ సరిపోతుంది. ప్రైమరీ రియాక్టెన్స్ అన్నిటికంటే కింది బ్యాండ్ దగ్గర 50 ఓమ్లకు ఐదు రెట్లు, అంటే 250 ఓమ్లు ఉండాలన్నది పాత లెక్క. 3.5 మెగాహెర్ట్జ్‌కు అది 11 మైక్రోహెన్రీల పైచిలుకు. 1.8 కూడా కావాలంటే 22. 43 మెటీరియల్ కోర్ బీఎన్43-202 అయితే 3 చుట్లకే ఆ రెండోదానికి చేరువకు వచ్చేస్తారు. ప్రైమరీ 3, సెకండరీ 6. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి చెబుతున్నాను: ఈ కోర్‌లో వైరు ఒక రంధ్రంలోంచి వెళ్లి రెండో రంధ్రంలోంచి వెనక్కి వస్తేనే ఒక చుట్టు. ఒక రంధ్రంలోంచి దూరిస్తే అర చుట్టే. మీ 3, 9 చుట్లు ఎలా లెక్కపెట్టారో ఒకసారి చూసుకోండి. రెండు వైండింగులూ ఒకదాన్నొకటి అంటుకుని పోయేలా వేయండి, లీకేజ్ తగ్గుతుంది. ట్రాన్స్‌మిషన్ లైన్ పద్ధతిలో చుట్టే ఓపిక ఉంటే 28 దగ్గర ఇంకా బాగుంటుంది. 1944లో గ్వానెల్లా చూపించింది, 1959లో రుత్రాఫ్ విస్తరించింది ఆ పద్ధతే. కానీ 5 వాట్లకు, 1:4కు మామూలు చుట్లు చాలు.

రెసిస్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఇందులో నేను స్వయంగా బోల్తా పడ్డాను కాబట్టి. ఎన్నో ఏళ్ల క్రితం చేతికందిన తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి, 220 ఓమ్లు 10 వాట్లు, తెచ్చి ఇలాంటి చోటే పెట్టాను. మల్టీమీటర్ 220 అంది. 3.5 మీద బాగానే నడిచింది. 21 దాటేసరికి అవుట్‌పుట్ ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో రకంగా ఊగిపోయింది. రెండు రోజులు ట్రాన్స్‌ఫార్మర్‌నే అనుమానించి మూడుసార్లు విప్పి చుట్టాను. చివరికి రెసిస్టర్‌ను పగలగొట్టి చూస్తే లోపల పింగాణీ కడ్డీ మీద పొందిగ్గా చుట్టిన నిక్రోమ్ తీగ. నేను లోడు అనుకుని కాయిల్ పెట్టుకున్నాను. కాబట్టి వైర్‌వౌండ్ వద్దు. 820 ఓమ్ల 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా పెట్టండి. 205 ఓమ్లు, 8 వాట్లు అవుతుంది. 5 వాట్లకు నిక్షేపంగా సరిపోతుంది. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి, సాకెట్ గ్రిడ్ పిన్ చుట్టూ నాలుగు దిక్కులా పరిచినట్టు వేయండి. నాలుగు పెట్టడంలో ఇంకో లాభం ఉంది: ఎప్పుడైనా ఒకటి తెగినా గ్రిడ్ ఒంటరిగా మిగలదు, 270 ఓమ్ల లోడు ఇంకా ఉంటుంది.

రెసిస్టర్ అడుగు కొసను నేరుగా ఛాసిస్‌కు టంకం పెట్టేయకండి. బయాస్ మొత్తం అక్కడే షార్ట్ అయిపోతుంది, వాల్వులు నిమిషంలో ఎర్రగా మారిపోతాయి. అడుగు కొసకూ ఛాసిస్‌కూ మధ్య 0.01 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ పెట్టి, మైనస్ 50 వోల్టులను 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా ఆ కొసకే ఇవ్వండి. కాయిల్ నుంచి గ్రిడ్‌కు కూడా మరో 0.01 కెపాసిటర్ ద్వారానే రావాలి. లేకపోతే బయాస్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా నేలకు పోతుంది. రెండూ 500 వోల్టుల రేటింగ్‌వి తీసుకోండి.

ఇప్పుడు 21 దగ్గర మీకు ఎదురైన దెయ్యం సంగతి. పాత సర్క్యూట్ కాగితం మీ దగ్గర ఉంటే తీసి చూడండి. ప్లేట్ నుంచి ఒక బుల్లి ట్రిమ్మర్ ద్వారా వైరు ఒకటి డ్రైవర్ కాయిల్ అడుగు కొసకు వచ్చి ఉంటుంది. ఆ కొస కూడా సూటిగా నేలకు కలవకుండా ఒక కెపాసిటర్ మీద నిలబడి ఉంటుంది. వాల్వు లోపల ప్లేట్ నుంచి గ్రిడ్‌కు దొంగతనంగా వచ్చే సిగ్నల్‌ను ఎదురు ఫేజ్‌లో కొట్టేసే ఏర్పాటు అది, న్యూట్రలైజేషన్. కాయిల్‌తో పాటు అదీ పోయింది. పైగా లోడు రెసిస్టర్ లేదు. డ్రైవర్ బయాస్ ఆగిపోయాక గ్రిడ్లకు ఎదురుగా మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్ మాత్రమే. అది గ్రిడ్ కెపాసిటెన్స్‌తో కలిసి ఎక్కడో ఒక చోట రెజొనేట్ అవుతుంది. మీ ఖర్మకు ఆ చోటు 21 దగ్గర పడింది.

అయితే న్యూట్రలైజేషన్ మళ్లీ కట్టాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు, కానీ ఎందుకో లెక్క చూపిస్తాను. రెండు వాల్వుల ప్లేట్-గ్రిడ్ కెపాసిటెన్స్ కలిపి అర పికోఫారడ్ కంటే కొంచెం తక్కువ, 0.45 అనుకోండి. 28 దగ్గర అది 12,600 ఓమ్లు. ప్లేట్ మీద ఆర్ఎఫ్ పీక్ 600 వోల్టులు ఉంటే దొంగ దారిలో వచ్చే కరెంటు 47 మిల్లీఆంపియర్లు. మన కాయిల్ ఎంత మొండిగా రెజొనేట్ అయినా గ్రిడ్ దగ్గర 200 ఓమ్లకు మించి ఉండదు కాబట్టి అక్కడ లేచే వోల్టేజ్ 9 నుంచి 10. వాల్వును పూర్తిగా నడపడానికి 50 కావాలి. ఐదు రెట్ల దూరం ఉంది, తనంతట తాను డోలనం చేయలేదు. అదే గ్రిడ్ దగ్గర 2,000 ఓమ్ల ఇంపీడెన్స్ ఉన్న ట్యూన్డ్ కాయిల్ ఉంటే 90 చిల్లర లేచేది. పాతవాళ్లు న్యూట్రలైజ్ చేసింది ముచ్చటకు కాదు. ప్లేట్ వైపు వేలాడుతున్న ఆ పాత న్యూట్రలైజింగ్ వైరును మాత్రం వాల్వు పక్క నుంచి పూర్తిగా తీసేయండి. ఎక్కడా కలవకుండా గాలిలో ఉన్న ఆ తీగ గ్రిడ్ వైపు ఒంగితే కొత్త దొంగ దారి అవుతుంది.

ఇదంతా హెచ్ఎఫ్ డోలనం మాట. వీహెచ్ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ పైన) వచ్చే పారాసిటిక్స్, అంటే అక్కర్లేని డోలనాలు, వేరు, వాటికి 200 ఓమ్ల రెసిస్టర్ మందు కాదు. ప్రతి గ్రిడ్ పిన్ దగ్గర 10 నుంచి 22 ఓమ్ల చిన్న రెసిస్టర్, ప్రతి ప్లేట్ క్యాప్ దగ్గర రెసిస్టర్ మీద చుట్టిన సప్రెసర్ ఉండాల్సిందే. మీ పాత యాంప్లిఫయర్‌లో ప్లేట్ సప్రెసర్లు ఉండే ఉంటాయి, కదిలించకండి.

ఇన్ని చేశాక 5 వాట్లతో ఎంత వస్తుంది? గ్రిడ్ మీద దాదాపు 45 వోల్టుల పీక్. 50తో 100 వాట్లు వచ్చేదైతే 45తో 80. తేడా 1 డెసిబెల్. రిసీవర్ మీటర్ మీద ఒక గీత, అంటే ఒక ఎస్ యూనిట్, 6 డెసిబెల్స్, కాబట్టి అవతలివాళ్ల మీటర్ మీద ఈ తేడా కనపడదు. ఆ మిగిలిన 20 వాట్ల కోసం డ్రైవర్ మళ్లీ కట్టడం నాకైతే దండగ. ఏమాత్రం ఓవర్‌డ్రైవ్ చేయలేని యాంప్లిఫయర్ దొరకడం అదృష్టం కూడా.

అయినా పెద్ద డ్రైవర్ మీద మనసు లాగుతుంటే, 12 నుంచి 13 వాట్లు ఇచ్చేది కట్టండి. ఆర్‌డీ16హెచ్‌హెచ్ఎఫ్1లు రెండు పుష్-పుల్‌లో పెడితే ఒక్కోటి 30 మెగాహెర్ట్జ్ దగ్గర 16 వాట్ల బాపతు కాబట్టి హాయిగా, శుభ్రంగా ఇస్తాయి. అప్పుడు గ్రిడ్ లోడు 100 ఓమ్లు చాలు. కాయిల్ 0.53 మైక్రోహెన్రీలు అవుతుంది, మధ్య బ్యాండ్లలో ఎస్‌డబ్ల్యూఆర్ మూపు 1.2కు పడిపోతుంది. 25 వాట్లు ఉంటే ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు, గ్రిడ్ దగ్గర సూటిగా 50 ఓమ్లు పెట్టేస్తే 28 దగ్గర కూడా 1.4 దాటదు. 100 వాట్ల రిగ్‌ను (రేడియో సెట్‌ను) 25కు తగ్గించి ఇలా నడిపేవాళ్లు ఉన్నారు. కాకపోతే కొన్ని రిగ్‌లు పవర్ తగ్గించి పెట్టినా కీ నొక్కిన మొదటి క్షణంలో పూర్తి పవర్ ఉమ్మేస్తాయి. అలాంటిదాని వెనక అటెన్యుయేటర్ (పవర్ తగ్గించే రెసిస్టర్ల ఏర్పాటు) లేకుండా గ్రిడ్‌ను పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏ దారి చూసినా సూత్రం ఒకటే కనిపిస్తుంది: గ్రిడ్ ఇంపీడెన్స్ ఎంత దించితే బ్యాండ్ అంత వెడల్పవుతుంది, దానికి తగ్గట్టు వాట్లు ఖర్చవుతాయి. మీ 12బీవై7ఏ కాయిల్ వాట్లు అడగలేదు, బదులుగా నాబ్ తిప్పమంది.

గ్రౌండెడ్ గ్రిడ్ ఆలోచన మానుకోండి. అక్కడ క్యాథోడ్ నిజంగానే పవర్ తాగుతుంది, 5 వాట్లు ఏ మూలకూ చాలవు. పైగా 6146లో బీమ్ ప్లేట్లు లోపలే క్యాథోడ్‌కు కలిపి ఉంటాయి కాబట్టి ఆ వాల్వు దానికి పుట్టింది కాదు.

కొత్త ఐఆర్ఎఫ్510 బిగించేటప్పుడు దాని వీపు రేకు డ్రెయిన్ అని గుర్తుంచుకోండి. మైకా, ఇన్సులేటింగ్ వాషర్ రెండూ పెట్టి, బిగించాక హీట్‌సింక్‌తో కంటిన్యూటీ లేదని చూసుకోవాలి. ఆర్‌డీ16లలో రేకు సోర్స్ కాబట్టి ఆ బాధ లేదు. ఐఆర్ఎఫ్510 వేడెక్కేకొద్దీ అదే గేట్ వోల్టేజ్ దగ్గర ఐడిల్ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు పారే కరెంటు) పెరిగిపోతుంది, బయాస్ డయోడ్‌ను హీట్‌సింక్‌కు ఆనించి పెట్టండి. రిసీవ్‌లో ఉన్నప్పుడు ఆ గేట్ బయాస్‌ను తప్పకుండా కత్తిరించండి. బ్రాడ్‌బ్యాండ్ దశకు ఏ బ్యాండ్ అన్న భేదం లేదు, ఊరికే నిలబడి ఉన్నా నాయిస్ పుట్టిస్తూనే ఉంటుంది, అది మీ రిసీవర్‌లోకే వస్తుంది. పుష్-పుల్ డ్రైవర్ రెండో హార్మోనిక్‌ను చాలావరకు తానే కొట్టేస్తుంది గానీ మూడోదాన్ని వదిలేస్తుంది. 7 మీద ఉంటే ఆ మూడోది 21 దగ్గర, మన π ఫిల్టర్ గుండా నిక్షేపంగా దాటిపోతుంది. కాబట్టి మీ 5 వాట్ల సెట్‌లో బ్యాండ్‌వారీ లో-పాస్ ఫిల్టర్లు ఉంటే సిగ్నల్ వాటి తర్వాత నుంచే తీసుకోండి.

పరీక్షకు పవర్ అక్కర్లేదు. మెయిన్ ప్లగ్ పీకి, ఫిల్టర్ కెపాసిటర్లను ఇన్సులేటెడ్ పిడి ఉన్న రెసిస్టర్ కడ్డీతో డిస్చార్జ్ చేసి, మల్టీమీటర్‌తో సున్నా చూశాకే చేయి లోపల పెట్టండి. 750 వోల్టులు రెండో అవకాశం ఇవ్వవు. బ్లీడర్ రెసిస్టర్ (కెపాసిటర్లను ఖాళీ చేసేది) ఉంది కదా అని నమ్మొద్దు, అది తెగిపోయి ఉన్నా బయటికి తెలియదు. వాల్వులు సాకెట్లలోనే, చల్లగానే ఉండాలి. గ్రిడ్ కరెంటు తీసుకోదు కాబట్టి వాల్వు వెలిగినా ఆరినా డ్రైవర్‌కు కనిపించే లోడు ఇంచుమించు ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి నానో వీఎన్ఏ (ఫ్రీక్వెన్సీవారీగా ఎస్‌డబ్ల్యూఆర్ చూపే చిన్న మీటర్) కలిపి 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేయండి. 28 దగ్గర గుంట కనపడాలి. గుంట 24, 25 దగ్గర ఉంటే కాయిల్ చుట్లు కాస్త దూరం జరపండి. 30 దాటి ఉంటే దగ్గరకు నెట్టండి. అప్పటికీ 28 దగ్గర 1.5 కంటే దిగకపోతే ట్రిమ్మర్ కదపండి. పది నిమిషాల పని.

డ్రైవర్‌ను కూడా విడిగా 50 ఓమ్ల డమ్మీ లోడు మీద ప్రతి బ్యాండ్‌లో చూసుకోండి. 12 వోల్టుల మీద ఐఆర్ఎఫ్510లు పై బ్యాండ్లలో నీరసపడటం మామూలే. అక్కడే 2 వాట్లు వస్తుంటే దాని తప్పు వాల్వుల మీద వేయకూడదు.

ఆ తర్వాత వాల్వులు వెలిగించి, ముందు బయాస్ వచ్చిందని మీటర్‌లో చూసి, తర్వాతే ప్లేట్, దాని తర్వాతే స్క్రీన్ (వాల్వులోని రెండో గ్రిడ్). ప్లేట్ వోల్టేజ్ లేకుండా స్క్రీన్‌కు ఎప్పుడూ ఇవ్వొద్దు, ప్లేట్‌కు పోవాల్సిన కరెంటంతా స్క్రీనే మోసి కాలిపోతుంది. ఐడిల్ రెండింటికీ కలిపి 50, 60 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టండి. యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు డమ్మీ లోడు, బ్యాండ్ స్విచ్ 21 మీద. డ్రైవర్ కేబుల్ పీకేసి కీ లైన్ మాత్రం నొక్కి, ప్లేట్ ట్యూనింగ్ కెపాసిటర్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా తిప్పండి. ప్లేట్ మీటర్ ముల్లు 50, 60 దగ్గరే కదలకుండా ఉండాలి, గ్రిడ్ మీటర్ సున్నా మీద ఉండాలి. 28 మీద కూడా ఇదే చేయండి. ముల్లు ఎక్కడైనా ఉలిక్కిపడితే వెంటనే కీ వదిలి, ఆ నాలుగు రెసిస్టర్ల టంకం చూడండి, ఆ 0.01 కెపాసిటర్ నిజంగా ఛాసిస్‌కు తగులుతోందో లేదో చూడండి. రెండు బ్యాండ్ల మీదా ముల్లు నిలబడ్డాకే డ్రైవర్ కేబుల్ తగిలించండి.